లిఫ్టన్న దాచుకున్న వాసన

ఎనిమిదంతస్తుల ఆ ఆఫీసు భవనంలో అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ లిఫ్టన్నే. పందొమ్మిదేళ్లుగా ఆ ఇనుప పెట్టెలో ఓ మూల స్టూలు మీద కూర్చుని, జాలీ తలుపు లాగి, బొత్తాం నొక్కి జనాన్ని పైకీ కిందికీ చేరవేయడమే అతని పని. మొహం చూడగానే ఎవరిది ఏ అంతస్తో చెప్పేవాడు. ప్రమోషన్ వచ్చినవాళ్లు ఎక్కితే, "మిమ్మల్ని పైకి తెచ్చింది నేనే సార్, మర్చిపోకండి" అని నవ్వించేవాడు.

యాభై మూడో ఏట, వేసవిలో, ఆ జోకులు ఆగిపోయాయి.

వాసనను మొదట అతనే పసిగట్టాడు. స్టూలు మీంచి లేచినప్పుడల్లా నడుం కిందినుంచి పులిసిన వాసన గుప్పుమనేది. లిఫ్టులో ఫ్యాను పాడై నెల దాటింది. పైగా గాలి ఆడని నైలాను ప్యాంటు. చెమటేలే అనుకుని ఇంటికెళ్లి రెండుసార్లు స్నానం చేశాడు. తెల్లారితే మళ్లీ అదే. దానికి తోడు దురద, ఒంటేలుకు వెళ్తే మంట. మర్మాంగం చివరి చర్మం బిగుసుకుపోయి, సన్నగా పగుళ్లిచ్చి, లోపల తెల్లటి పాచి పట్టింది. దాహమా, ఎన్ని నీళ్లు తాగినా తీరేది కాదు. తాగితే ఒంటేలు, ఒంటేలంటే మంట. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది బతుకు.

ఎవరికి చెప్పాలి? చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది. ఏనాడూ పరాయి ఆడదాని వంక చూసి ఎరగడు. అయినా ఇది ఆ చెడ్డ రోగమేనేమో, భార్యకు తెలిస్తే తన మాట నమ్ముతుందా అని లోలోపల కుమిలిపోయేవాడు. నడుం నొప్పని సాకు చెప్పి ముందుగదిలో బల్ల మీద పడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె సంచుల కార్ఖానాలో కుట్టుపని చేస్తుంది. ఎందుకని అడగలేదు. ఆ అడగకపోవడమే అతన్ని మరింత భయపెట్టింది.

సొంత వైద్యానికి దిగాడు. బట్టలసబ్బుతో రుద్దాడు. గాయాలు కడిగే మందు మూతలకు మూతలు నీళ్లలో కలపకుండానే పోసుకున్నాడు. ప్రాణం విలవిల్లాడితే, పురుగు చస్తోందిలే అని పళ్లు బిగబట్టాడు. పైన పౌడరు, ఆపైన సెంటు. మధ్యాహ్నానికి పౌడరు చెమటకు ముద్దకట్టి, వాసన రెండింతలయ్యేది. ఎక్కినవాళ్లు చేతిరుమాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకోసాగారు. కొందరు తలుపు తీసీ తియ్యగానే, "నువ్వు వెళ్లు, మేం తర్వాత వస్తాం" అని ఆగిపోయేవారు. ఒకరోజు ఖాళీ లిఫ్టును ఎనిమిదో అంతస్తులో ఆపి, తలుపు తెరవకుండా, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. కింద ఎవరో గంట కొడుతూనే ఉన్నారు.

ఆ మరుసటి వారం లిఫ్టు రెండో అంతస్తు దాటి ఆగిపోయింది. లోపల అతనితో పాటు ముగ్గురు: ఆరో అంతస్తు అకౌంట్స్ ఆఫీసరు, ఒక టైపిస్టమ్మాయి, నాలుగో అంతస్తులో చర్మవ్యాధుల క్లినిక్కు నడిపే డాక్టరు. మెకానిక్కు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. పది నిమిషాలు కాకుండానే ఆఫీసరు తగులుకున్నాడు.

"ఏవయ్యా, నువ్వసలు స్నానం చేసొస్తావా? ఇది లిఫ్టా, చెత్తకుండీనా?"

"రోజూ రెండుసార్లు చేస్తాను సార్."

"మరి ఈ కంపేంటి? చచ్చిన ఎలుకని జేబులో పెట్టుకొచ్చావా?"

"పాపం, ఊరుకోండి సార్" అంది టైపిస్టమ్మాయి, గోడవైపు తిరిగి. తిట్టుకంటే ఆ 'పాపం' ఎక్కువ గుచ్చుకుంది. లిఫ్టన్నకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు మాత్రం అతను కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ తీరునే చూస్తున్నాడు. తలుపు తెరిచాక, "రేపు ఒకసారి పైకి రా" అన్నాడు మెల్లగా.

"నాకేం లేదు సార్" అంటూ లిఫ్టన్న తాళాలు స్టూలు మీద పడేసి ఇంటికి నడిచాడు.

ఆ రోజు భార్యకు సెలవు. ఆమె చూస్తుండగానే స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకుని, బట్టలు ఉతికే బ్రష్షు అందుకున్నాడు. లోపల్నుంచి మూలుగు వినిపించి ఆమె తలుపు బాదింది.

"తలుపు తియ్యండి."

"నన్నొదిలెయ్యి."

"పాతికేళ్లు వదల్లేదు, ఇప్పుడొదుల్తానా? తీస్తారా, పక్కింటివాళ్లని పిలవనా?"

తీశాడు. నీళ్లలో రక్తం చూసి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే తప్పూ చెయ్యలేదు. నీ మీద ఒట్టు" అన్నాడు.

"నేనడిగానా? ముందా బ్రష్షు ఇటివ్వండి."

మర్నాడు ఇద్దరూ మెట్లెక్కి నాలుగో అంతస్తుకు వెళ్లారు. ఆ క్లినిక్కు తెరిచిన పదకొండేళ్లుగా ఎంతోమంది రోగులను ఆ గుమ్మం దగ్గర దింపినవాడే అయినా, తాను లోపలికి అడుగు పెట్టడం అదే మొదలు. డాక్టరు పరీక్ష చేశాడు, వేలు గుచ్చి రక్తం చూశాడు.

"షుగరు మూడొందలు దాటింది. అసలు దొంగ అదే. ఆ తీపికి అక్కడ ఫంగస్ చేరింది. నువ్వు కడగక కాదు, కడిగి కడిగి కాల్చుకున్నావు. ఆ చర్మం వెనక్కి లాగి లోపల శుభ్రం చేసుకోవాలని చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదా?"

"మా నాన్న ఈత నేర్పాడు, సైకిలు నేర్పాడు సార్. ఇది మాత్రం చెప్పలేదు."

"ఇప్పుడు నేను చెప్తున్నా విను. గోరువెచ్చని నీళ్లు చాలు. చర్మం ఎంత వస్తే అంతే వెనక్కి లాగు, బలవంతం వద్దు. కడిగి, పొడిగా అద్దుకుని, మళ్లీ ముందుకు తెచ్చెయ్యి. సెంటూ పౌడరూ అవతల పారెయ్యి. వదులుగా ఉండే నూలు డ్రాయరు వేసుకో, రోజూ మార్చు."

చీటీ రాస్తూ డాక్టరు ఆమెవైపు తిరిగాడు. "మీకేమైనా దురద ఉందా అమ్మా?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "నాలుగు నెలలైంది సార్. నావల్లే ఆయన దూరంగా పడుకుంటున్నారనుకున్నాను."

లిఫ్టన్న భార్యకేసి చూశాడు. నాలుగు నెలలు ఒకే కప్పు కింద ఇద్దరూ విడివిడిగా కాలిపోయారు. అక్కడే, డాక్టరు ముందే, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఇద్దరికీ మందు ఇచ్చారు. రెండు వారాల్లో వాసన పోయింది, పుళ్లు మానాయి. షుగరు మాత్రలు మాత్రం జీవితాంతమన్నారు. కానీ అతను పనికి తిరిగి వచ్చేసరికి లిఫ్టులో స్టూలు లేదు. ఆఫీసరు రాసిన ఫిర్యాదు మీద యాజమాన్యం, బొత్తాలు నొక్కుకోవడం అందరికీ వచ్చు కదా అని తేల్చేసింది. పాతమనిషని జాలిపడి గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు.

ఒక సాయంత్రం టైపిస్టమ్మాయి గేటు దగ్గర ఆగింది. "లిఫ్టన్నా, మళ్లీ లోపలికి ఎప్పుడొస్తావు? నువ్వు లేకపోతే ఏం బాలేదు."

ఆమె దగ్గరికి రాగానే అతను తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇక్కడ గాలి బాగుందమ్మా" అని గేటు తీశాడు.