చెవిమేస్త్రి విన్న చప్పుడు

సైకిళ్ళు బాగుచేసే ఆ కొట్టాయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన చెవిమేస్త్రి. బండి తెచ్చి నిలబెడితే ముందు చెయ్యి పెట్టడు, చెవి పెడతాడు. ఎక్కడో కిర్రుమందంటే అది పెడలా, సీటు గొట్టమా, చెయినా అని తేల్చుకునేదాకా నూనె చుక్క వేయడు. "ఓ చుక్క వేసెయ్యరాదూ, పోతుందిగా" అన్నారో, అంతే సంగతులు. మొహం గంటు పెట్టుకుని బండి తీసి వీధిలో పెట్టేస్తాడు. పనిమంతుడు కాబట్టి జనం ఆ చాదస్తాన్ని భరిస్తున్నారు.

దానికి కారణం లేకపోలేదు. ఆయనకో బావ ఉండేవాడు, సొంత అక్క మొగుడు. కొండదారుల్లో సైకిల్ దింపడమంటే పడిచచ్చేవాడు. మాటవరసకి అంటున్నాను గానీ, చివరికి జరిగిందీ అదే. ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు ఫోర్కు, బాగా పొడుగుది ఒకటి సంపాదించి, పొట్టి ఫోర్కు కోసం చేసిన ఉక్కు ఫ్రేముకి తగిలించాడు. పొడుగు ఫోర్కంటే గునపం లాంటిది. చక్రం రాయికి తగిలినప్పుడల్లా ఫ్రేముని మెడ దగ్గర, అంటే హ్యాండిల్ దిగే చోట, పెకలిస్తూ ఉంటుంది. అయితే ఉక్కుకి ఒక మంచి గుణముంది, చాలాసార్లు చెప్పాపెట్టకుండా విరగదు. ముందు టిక్కుమంటుంది. ఆ ఫ్రేమూ అంది.

"చెయిన్ ఎండిపోయిందిరా" అన్నాడు బావ. బావమరిది చెయిన్‌కీ, చేతికందిన ప్రతి అతుక్కీ నూనె పట్టించాడు. చప్పుడు ఆగింది. బావ నవ్వుకుంటూ కొండెక్కాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. మెడ కింది పగుల్లోకి నూనె దిగి దాని నోరు మూసేసిందని ఫ్రేము ముక్కలు వచ్చాక గానీ తెలియలేదు. అప్పటినుంచి ఆ టిక్కు చెవిమేస్త్రి చెవిలోనే కాపురం పెట్టింది.

ఆ బావ కూతురు ఒకరోజు మధ్యాహ్నం కొట్లోకి వచ్చింది. తండ్రి పోయేనాటికి ఒళ్ళో కూర్చునే పిల్ల, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. భుజం మీద కొత్త ఫోర్కు. ఎంత పొడుగో చూడగానే మామయ్య చేతిలో పని పక్కన పెట్టేశాడు.

"దీనికో ఫ్రేము చూసిపెట్టు మామయ్యా. ఉక్కుదే కావాలి. వెనక స్ప్రింగు వద్దు."

"వెనకా స్ప్రింగున్నది కొనుక్కోవచ్చుగా. ఒళ్ళు హూనం కాకుండా ఉంటుంది."

"అలా అయితే కింద నేల ఏమంటోందో తెలీదు. నాకు తెలియాలి."

అచ్చం తండ్రి మాట. తండ్రి గొంతే పక్కనుంచి వినపడినట్టయి చెవిమేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ గోడకి ఆనించిన పాత చక్రాలు తప్ప ఏమీ లేవు.

"దొరకదులే" అన్నాడు.

"దొరక్కపోతే నా పాత ఫ్రేముకే తగిలిస్తా. మెడ కింద రేకు ముక్క అతికించుకుంటే సరిపోతుంది."

ఆ పాత ఫ్రేము పొట్టి ఫోర్కుది. బెదిరించడానికి అన్న మాట కాదు, నిజంగానే చేస్తుంది. పట్టిన పట్టు వదలకపోవడం ఆ ఇంటి సొత్తు. ఇక తప్పించుకునే దారి లేదని చెవిమేస్త్రికి అర్థమైంది. తను మంచి ఫ్రేము చూపించకపోతే ఈ పిల్ల కూడా ఆ దారినే పోతుంది.

వెతకడం మొదలుపెట్టాడు. మొదట దొరికిన ఫ్రేము చేత్తో ఎత్తితే ఈకలా లేచింది. మెడ నుంచి పెడళ్ళ దాకా దిగే పెద్ద గొట్టానికి కింద ఆసరా పలక లేదు. వద్దన్నాడు. తర్వాతిదాని మెడలో ఫోర్కు కాడే పట్టలేదు. ఆఖరికి ఒకటి వచ్చింది. ఇంత పొడుగు ఫోర్కు కోసమనే లెక్కగట్టి చేసినది, మెడ వెడల్పుగా ఉంది, కింద పలక వేసి నీటుగా అతికారు. బండి బిగించి మేనకోడల్ని ఎక్కమన్నాడు. స్టాండు మీద ఉండగానే మెడ వాలు కొలిచి మురిసిపోయేవాళ్ళు చాలామంది. మనిషి ఎక్కగానే ముందు ఫోర్కు కుంగుతుంది, వెనక కుంగడానికేమీ లేదు, బండి ముక్కు దించేస్తుంది, కొలిచిన వాలు కాస్తా మారిపోతుంది. అందుకని ఆమె బరువుకి ఫోర్కుని కుంగనిచ్చి, అప్పుడు కొలిచాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

అప్పుడు వినపడింది. టిక్కు.

"విన్నావా?"

"ఏంటి?"

చెయిన్ తీసేశాడు. పెడళ్ళు తీశాడు. సీటు గొట్టం తీసి తుడిచి పెట్టాడు. అయినా టిక్కు. ఫోర్కు కూడా ఊడదీసి ఉత్త ఫ్రేముని చంటిపిల్లలా చేతుల్లోకి తీసుకున్నాడు. కదిలేది ఒక్కటీ లేదు. అయినా మెడ దగ్గర ఎవరో గోటితో కొట్టినట్టు టిక్కుమంది.

మేనకోడలు ఫ్రేముకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నది. "ఏమీ లేదు మామయ్యా."

"బయట పెట్టిరా."

ఆమె ఫ్రేముని వీధి అవతలి అరుగు మీద పెట్టి వచ్చింది. కొట్లో వాళ్ళిద్దరే ఉన్నారు. చెవిమేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. టిక్కు. ఎప్పటిలాగే, పక్కనే. ఇన్నేళ్ళుగా ఎన్ని మంచి ఫ్రేముల్ని చెడ్డవని తిప్పి పంపేశాడో అప్పుడు తెలిసొచ్చింది. స్టూలు మీద కూలబడ్డాడు.

"మీ నాన్న బండిలో చప్పుడు నేను విన్నాను తల్లీ" అన్నాడు. "చెయిన్ అన్నాడు. నూనె వేశాను. ఆగిపోయింది."

"అమ్మకి తెలుసా?"

"నూనె డబ్బా అందించింది మీ అమ్మే. ఆ తర్వాత అక్క ఈ గడప తొక్కలేదు. నేనూ రమ్మనలేదు. మొహం చూడాలంటే భయమేసింది."

మేనకోడలు గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూర్చుంది. "మా ఇంట్లో తలుపులన్నీ ఎప్పుడూ కిర్రుమంటూనే ఉంటాయి" అంది మెల్లగా. "నేనొకసారి బందులకి నూనె వేయబోతే అమ్మ డబ్బా లాక్కుని వీధిలోకి విసిరేసింది. ఎందుకో చెప్పలేదు. నేను రోజంతా ఏడ్చాను."

చెవిమేస్త్రి తల ఎత్తలేకపోయాడు. తన ఒక్కడికే పట్టిందనుకున్న పీడ ఇది. అక్క గదిగదిలో తలుపు తీసినప్పుడల్లా దీన్నే వింటోంది. అది ఆగిపోతుందేమోనని భయపడుతోంది.

"ఆ ఫ్రేము మంచిది" అన్నాడు చివరికి. "చెడింది నా చెవి. తీసుకెళ్ళు. కానీ బండి ఏమన్నా అంటే మాత్రం దిగు. నూనె వేయకు, దిగు."

"దిగుతాను."

ఇద్దరూ కలిసి మళ్ళీ బండి బిగించారు. ఆమె బిగిస్తుంటే మామయ్య ఒక్కో బోల్టు పట్టుకుని చూసి తల ఊపాడు. టిక్కుమంటూనే ఉంది. ఆయన దాన్ని పట్టించుకోకుండా ఉండడానికి పళ్ళు బిగబట్టాడు.

"అమ్మని తీసుకురానా?" అంది ఆమె, హ్యాండిల్ పట్టుకుని.

"వస్తుందంటావా?"

"అడుగుతాను. నీకూ వినపడుతోందని చెప్తాను."

ఆమె బండెక్కి వీధి మలుపు తిరిగింది. చప్పుడు ఆమెతో పోలేదు, కొట్లోనే ఉండిపోయింది. చెవిమేస్త్రి లోపలి గదిలోంచి ఇంకో స్టూలు తెచ్చి, గుడ్డతో తుడిచి, తన స్టూలు పక్కనే వేశాడు.