చెల్లెలి వీధిలో లీకు

భూమిలో ఉన్న నీళ్ళ పైపు ఎక్కడ కారుతోందో చెవితో పట్టుకోవడం నా ఉద్యోగం. వినడానికి గొప్పగానే ఉంటుంది. చేసే పని మాత్రం రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుప కడ్డీ ఒక కొస నేలకు గుచ్చి, రెండో కొస చెవికి ఆనించుకుని, దారిన పోయేవాళ్ళ నవ్వులు భరించడం. ఇది ఎనభైల చివరి మాట. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట మాది చిన్న టౌను. ఒక నీళ్ళ ట్యాంకు, దాని నుంచి దిగే పోత ఇనుము పైపులు, ఏ పైపు ఎటు పోతుందో చూపించే కాగితం ఒక్కటి కూడా లేని ఆఫీసు. కాగితానికి బదులు మాకు చాచా ఉండేవాడు. వాల్వులు తిప్పే ముసలాయన. పైపులు వేసిననాడు మట్టి తవ్విన కూలీల్లో ఆయనా ఒకడు. ఏ వంపు ఎవరి గోడ కింద ఉందో ఆయన తలలోనే ఉండేది.

నా ఒక్కగానొక్క చెల్లెల్ని ఆ ఊళ్ళోనే, ట్యాంకుకు దూరంగా ఎత్తు మీదున్న వీధిలో ఇచ్చాం. బావ టైలరు. నెమ్మదస్తుడు, పది మాటలకు ఒక మాట జవాబిచ్చే మనిషి. పెళ్ళయిన ఏడేళ్ళకు, రెండు కడుపులు పోయాక, చెల్లెలికి మళ్ళీ నెల తప్పింది. బరువు ఎత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వాళ్ళ వీధికి నీళ్ళు ఎక్కవు. ఇంట్లో నల్లా ఉన్నా చుక్క రాదు, కింది సందులోని బోరింగు నుంచి బిందె మోసుకోవాలి.

నీళ్ళ ఆఫీసులో పనిచేసే అన్న ఉండి చెల్లెలు బిందె మొయ్యడమా అని నాకు రోషం వచ్చింది. ఒక ఆదివారం పలుగు పట్టుకుని వెళ్ళి వాకిట్లో నడుములోతు గుంత తవ్వాను. నల్లా పైపును అందులోకి దించి, కొసనున్న నల్లా విప్పేసి, అడుగున బిందె పట్టేట్టు రాళ్ళు పేర్చాను. ఎత్తుకు ఎక్కని నీళ్ళు పల్లానికి దిగుతాయి కదా. మర్నాడు పొద్దున బిందె నిండింది. చెల్లెలు గుంత అంచున కూర్చుని చంటిపిల్లను చూసినట్టు ఆ ధారను చూసింది. గుంత నల్లాలు ఆఫీసు రూలు ప్రకారం తప్పని నాకు తెలుసు. తెలిసే తవ్వాను.

వారం తిరక్కుండానే వీధి వీధంతా నా మీద పడింది. "నీ చెల్లెకైతే చేస్తవు, మేమేమన్న పరాయోళ్ళమా?" అని పక్కింటామె నడిరోడ్డు మీద నిలదీసింది. కొందరికి నేనే దగ్గరుండి తవ్వించాను. మిగిలినవాళ్ళు చూసి నేర్చుకున్నారు. ప్రతి ఇంట్లో నాకు చాయ్, కుర్చీ, మర్యాద. ఆ మర్యాద నాకు చాలా బాగుండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను. సిగ్గుపడాల్సినవి వేరే ఉన్నాయి.

ఎండాకాలం ముదిరేసరికి ఆ వీధిలో కామెర్లు మొదలయ్యాయి. మొదట ఒక లారీ డ్రైవరు. తర్వాత వాళ్ళ ఎదురింట్లో ఇద్దరు. పసరు కోసం పొద్దున్నే అడవిలోని పల్లెలకు బస్సెక్కేవాళ్ళు ఎక్కువయ్యారు. అంతలో వీధి చివర ఐదు నెలల కడుపుతో ఉన్న ఒక అమ్మాయి నాలుగు రోజుల్లో చనిపోయింది. ఆ మర్నాడే ఖమ్మం వెళ్ళి, చెల్లెలికి వైద్యం చేస్తున్న డాక్టరమ్మను కలిశాను.

"ఇది నీళ్ళలో మురుగు కలిస్తే వచ్చే జబ్బు. మామూలు మనిషి లేచి తిరుగుతాడు. కడుపుతో ఉన్నవాళ్ళకు మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. మీ వీధి పైపులు ఎవరు చూస్తారు?" అని అడిగింది.

"నేనే," అన్నాను.

"అయితే త్వరగా చూడండి. ఈ రోజు మంచాన పడ్డవాళ్ళు తాగింది నెల కిందటి నీళ్ళు," అంది. ఆ మాట తిరుగుబస్సులో నన్ను కూర్చోనివ్వలేదు.

నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్ళి, మా ఇంటికి తీసుకుపోతానన్నాను. మా ఇల్లు ట్యాంకు పక్కనే, వేరే లైను. చెల్లెలి అత్త చీపురు కింద పడేసి అడ్డం నిలబడింది. "ఎనిమిదో నెల నడుస్తాంది. సరి నెలల పిల్లను ఇల్లు కదిలిస్తరా? రెండుసార్లు పోయింది సాలదా? తొమ్మిది రానియ్యి, నేనే పసుపు కుంకుమ పెట్టి పంపిస్త," అంది. బావ వైపు చూశాను. ఆయన కుట్టుమిషను వైపు చూశాడు. చెల్లెలు కూడా, "ఇరవై రోజులే గదనే అన్నా, భయమయితాంది నాకు," అంది. తనది కదలడానికి భయం. నాది కదలకపోతే భయం. తాగే నీళ్ళు మా ఇంటి నుంచి సైకిల్ మీద తెచ్చిస్తానని, మరిగించి చల్లార్చే తాగాలని ఒట్టు వేయించుకున్నాను. కానీ నోరు పుక్కిలించేది, అంబలి గిన్నె కడిగేది, మజ్జిగలో కలిపేది నల్లా నీళ్ళే. ఎంతకని కాపలా కాస్తాను?

మిగిలిన దారి ఒక్కటే. ఆ ఇరవై రోజుల్లోపు లీకు పట్టుకోవాలి.

ఆ వీధికి నీళ్ళు వచ్చేది పొద్దున రెండు గంటలు. పైపులో నీళ్ళున్నప్పుడే కారే చప్పుడు వినిపిస్తుంది. అదే సమయంలో వీధిలో బిందెల మోత, తిట్లు, పిల్లల ఏడుపులు. కడ్డీ చెవికి పెడితే నా చెవిలో పడేది భూమిలోని నీళ్ళు కాదు, పైనున్న జనం. "అమ్మా, ఒక్క పది నిమిషాలు ఊకుండండి, మీ కాళ్ళు మొక్కుత," అని చేతులు జోడించాను. "ఊకుంటే నీళ్ళు బందయితయి, నువ్వు పోసిపోతవా?" అందొకామె. ఆమె తప్పేముంది? రెండు గంటల నీళ్ళతో రోజంతా గడవాలి.

అయినా దొరికాయి. మొదటిది మూడో రోజున, మసీదు సందు మలుపులో, సరిగ్గా మురుగు కాలువ కింద. చాచా చెప్పిన చోట తవ్వితే జాయింటు నుంచి సన్నగా చిమ్ముతోంది. పాత సీసం గీకేసి, జనపనార దట్టించి, కొత్త సీసం కరిగించి పోశాం. ఇదే, దొరికిందిరా దొంగ, అనుకుని రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. మర్నాడు నీళ్ళు జోరుగా వచ్చాయి, వీధంతా నన్ను మెచ్చుకుంది. కానీ నీళ్ళు వదలగానే పట్టే మొదటి బిందె ఎప్పట్లాగే మురుగు వాసన కొట్టింది. ఆరో రోజున ఇంకొకటి. పదో రోజున మూడోది. అతికిన ప్రతిసారీ మర్నాడు పొద్దున ముక్కు బిందెలో పెట్టి వాసన చూసేవాణ్ణి. అదే కంపు. నిద్రలో కూడా చెవిలో బుస్సుమని చప్పుడు. రోజూ చెల్లెలి కింది రెప్ప లాగి కంటి రంగు చూసేవాణ్ణి. "రోజు రోజుకు పిచ్చోనివయితున్నవే," అని అది నవ్వేది.

పన్నెండో రోజు పొద్దున నీళ్ళు బందయ్యాక లేవడానికి కూడా ఓపిక లేక చెల్లెలి వాకిట్లో గుంత అంచునే కూలబడ్డాను. గిన్నెలు కడిగిన నీళ్ళు, పక్క కాలువ నుంచి ఊరిన నలుపు, గుంతలో పైపు మూతి మీద జానెడు ఎత్తున నిలిచి ఉన్నాయి. చూస్తుండగానే ఆ నీళ్ళు మెల్లగా సుడి తిరిగాయి. ఒక ఎండుటాకు పైపు మూతి దగ్గరికి పోయి అతుక్కుంది. గుడగుడమని చప్పుడు. జానెడు నీళ్ళు నా కళ్ళ ముందే పైపులోకి పోయాయి.

చాచాను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "వాల్వు కట్టేసినంక గూడ పల్లంల ఉన్నోళ్ళు పైపుల మిగిలిన నీళ్ళు గుంజుతనే ఉంటరు బేటా. పైపుకు దూప అయితది. ఏది దొరికితే అది తాగుతది," అన్నాడు.

"నీకు తెలుసా? మరి చెప్పవేంది?"

"మొదటి గుంత నువ్వే తవ్వితివి. ఆఫీసోనివి, సదువుకున్నోనివి. నీకు తెల్వకుండ ఉంటదా అనుకున్న," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, తిరిగి కసిరేవాణ్ణి.

పన్నెండు రోజులు భూమికి చెవి పెట్టి వెతికిన లీకు నేను నా చేత్తో తవ్విందే. ఒక్కటి కాదు, ఇంటికొకటి.

అప్పటికప్పుడే ఆ గుంత పూడ్చడానికి దిగాను. అత్త నా చేతిలో పార పట్టుకుంది. "నిండు నెలల పిల్ల, నీళ్ళు లేకుండ చేస్తవా? అన్నవా, పగోనివా?" అంది. చెల్లెలు గడప దగ్గర నిలబడి, "ఏమయిందే అన్నా?" అని అడిగింది. "ఇక్కడ లీకుంది," అన్నాను. తవ్విందెవరో చెప్పలేదు. "గట్లనా, అయితే పూడ్చు," అంది. నా మాట మీద దానికి అంత నమ్మకం.

మిగతా వీధిని పూడ్చడానికి నాలుగు రోజులు పట్టింది. ఆడవాళ్ళు మన్ను ఎత్తి నా మొహాన కొట్టారు. పూడ్చిన గుంత మర్నాటికి మళ్ళీ తెరిచినవాళ్ళున్నారు. చాచా నాలుగు రోజులూ నోరెత్తకుండా నాతో మన్ను పోశాడు. వాసన ఆగింది. మొదటి బిందె కూడా తేటగా వచ్చింది. ఆ బిందె చెల్లెలికి చూపిద్దామని వెళ్ళాను. ఎండలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. తలెత్తి చూసింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

ఇక నెల లేదు, సరి లేదు, బేసి లేదు. అదే పూట జీపు మాట్లాడి ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాం. దారిపొడుగునా నా భుజం మీద తల పెట్టుకుని, నిద్ర వస్తోందని అంటూనే ఉంది. రెండో రోజు కాస్త తెలివి వచ్చింది. నేను మంచం పక్కన నిలబడితే పక్క మంచం ఆమెకు నన్ను చూపించి, "మా అన్న. నీళ్ళ ఆఫీసు. తొమ్మిది నెలలు నన్ను ఒక్క బిందె మొయ్యనియ్యలే," అని చెప్పింది. ఎనిమిదే అయ్యాయి. లెక్క తప్పి చెప్పిందో, నన్ను పెద్ద చేసి చెప్పిందో. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఉంది, చెప్పలేకపోయాను. మూడో రోజు మధ్యాహ్నం పోయింది. లోపలి బిడ్డ అంతకు ముందే పోయింది.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. బావ మిషను ముందు ఊరికే కూర్చున్నాడు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆయనే నా వైపు తిరిగి, "లీకు దొరికిందంట గద బావా. ఎక్కడ?" అని అడిగాడు.

ఇంకెవరైనా అయితే కాలువ కింద అని చెప్పేవాణ్ణి. ఆఫీసు పుస్తకంలో అలాగే రాశాను. ఆయనకు మాత్రం అంతా చెప్పాను. మొదటి గుంత నుంచి, పైపు నా కళ్ళ ముందు తాగిన మురుగు దాకా. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ఆమెకు చెప్పినవా?" అన్నాడు.

"చెప్పలే."



"మరి నాకెందుకు చెప్పినవ్?" అన్నాడు.