మూడుసార్ల మాస్టారు

పాత కంప్యూటర్లు తీసుకునే ఆ గోదాములో ఆయన్ని అందరూ మూడుసార్ల మాస్టారు అంటారు. ఊరికే అనరు. ఆ గోదాము ఒక కంప్యూటర్ల కంపెనీది. తాను అమ్మిన సరుకు పాతబడితే కంపెనీయే వెనక్కి తీసుకోవాలని సర్కారు రూలు, ఏడాదికి ఇన్ని కిలోలని లెక్క. అలా వచ్చిన హార్డ్‌డిస్కుల్లో ఉన్నవి ఎవరి చేతా పడకుండా డ్రిల్లుతో కన్నం పొడవడం మాస్టారి పని. పొడిచే ముందు, తెచ్చినవాళ్లని మూడుసార్లు అడుగుతాడు: "అన్నీ కాపీ తీసుకున్నారా?" ఒకాయనైతే "తీసుకున్నాను బాబూ, నా ప్రాణం తియ్యకు!" అని దండం పెట్టి మరీ వెళ్లాడు.

ఒక ఏడాది చివరిరోజున లెక్కకు ఎనిమిది కిలోలు తక్కువొచ్చింది. మేనేజరు తల పట్టుకున్నాడు. మాస్టారికి తన ఇంట్లో గుడ్డ కప్పుకుని మూల కూర్చున్న కంప్యూటరు గుర్తొచ్చింది. అదీ ఈ కంపెనీదే. దుమ్ము తినడం తప్ప దానికేం పనిలే అనుకుని, భోజనాల వేళ వెళ్లి భుజానేసుకొచ్చాడు. ఎవరినీ అడగలేదు. బర్రుమని కన్నం పొడిచేశాడు. మేనేజరు శభాష్ అన్నాడు.

సాయంత్రం ఛాతీ విరుచుకుని ఇల్లు చేరేసరికి భార్య కుట్టుమిషను దగ్గరుంది.

"కంప్యూటరేదండీ?"

గొప్పగా చెప్పాడు. ఆవిడ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"బడి పిల్లల కొలతలండీ! నూట ఎనభై మందివీ అందులోనే ఎక్కించాను. సోమవారానికి యూనిఫాంలు ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది!"

పన్నెండేళ్ల ఉద్యోగంలో ఎవరి ఫొటో ఒక్కటీ పోనివ్వని మనిషి, ఇంటావిడ నోటి దగ్గర కూడు తీశాడు! సిగ్గుతో చచ్చిపోయాడు. మేకుకున్న టేపు లాగి మెడలో వేసుకుని, గబగబా చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"కొలవడానికి. ఇంటింటికీ తిరుగుతా."

"మీ చొక్కా సైజే మీకు తెలీదు!" అంటూ ఆవిడ బొత్తాల డబ్బా బోర్లించింది. బొత్తాల మధ్య పెన్‌డ్రైవ్. "నిద్రలో కూడా కాపీ, కాపీ అని కలవరిస్తారుగా. ఆ గోల పడలేక తీసిపెట్టాను."

మాస్టారు గుమ్మంలోనే కూలబడ్డాడు. "బతికించావే తల్లీ!"

"ఊరందరినీ మూడేసిసార్లు అడుగుతారు. నన్ను ఒక్కసారైనా అడిగారా?" ఆవిడకి కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

మాస్టారు తల వంచుకున్నాడు. టేపు ఇంకా మెడలోనే ఉంది.

"అన్నీ కాపీ తీసుకున్నావా?"

"ఇంకో రెండుసార్లు అడగండి," అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.