పైనున్న గొళ్ళెం

సూరత్ గోడాదరాలో మా ఇల్లు, మా ఆయనది మగ్గం పని. ఏడేళ్ల మా పాపకు ఆటిజం. మాటలు రావు, తలుపు తెరిస్తే చాలు రోడ్డు మీదికి పరుగెడుతుంది. అందుకే గొళ్ళెం తనకు అందనంత పైన పెట్టించాం.

నాకు చిన్నప్పటి నుంచీ షుగర్. ఓ మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకుని, మొండికేసిన పాపకు తినిపిస్తూ నేను తినలేదు. షుగర్ బాగా పడిపోయి, చెమటలు పట్టి కూలిపోయాను. చప్పుడు విని పక్కింటి వదిన తలుపు కొట్టింది. "ఏమైందే? జర తలుపు తియ్యి." గొళ్ళెం కనిపిస్తూనే ఉంది, నా చెయ్యి లేవడం లేదు. పాప ఆటనుకుని నా పక్కనే పడుకుంది.

వదిన ఫోన్ చేస్తే మా ఆయన వచ్చి, తలుపు పగలగొట్టి చక్కెర నీళ్లు తాగించారు.

"గొళ్ళెం కిందికి పెట్టాల్నా?" అని సాయంత్రం అడిగారు.

"పాప ఉరుకుతది" అన్నాను.

"మరి నీకేమన్న అయితే?"

నేను ఊడిన గొళ్ళెం తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన గొళ్ళెం మళ్లీ పైనే బిగించారు. ఇన్సులిన్ వేసుకునేటప్పుడల్లా నా చూపు దాని మీదికే పోతుంది.