గోడ అవతలి విజిల్

మా తోడికోడలు మంచిది. పదమూడేళ్ళుగా ఈ మాట విని విని నాకు విసుగొచ్చింది. మా ఆయన అంటాడు, మా మరిది అంటాడు, వీధి చివర పాలు అమ్మే ఆయన కూడా అంటాడు. ఒకరిని మంచిది అనేటప్పుడు పక్కనున్న మనిషి ముఖంలోకి ఎందుకు చూస్తారో నాకు అర్థం కాదు. అందుకే ఆమె గురించి నేనే రాస్తున్నాను. నా కళ్ళతో చూసింది చూసినట్టు, నా కుళ్ళుతో సహా.

ఆమెకు నేను పెట్టిన పేరు నింపాది. పైకి ఎప్పుడూ అనలేదు గానీ మనసులో అదే పేరు. నడక నింపాది, మాట నింపాది. కళ్ళద్దాల దుకాణంలో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీయడం ఆమె పని. తిరిగే రాయి మీద అద్దం అంచు కాస్త ఆనించడం, తీసి వెలుగుకు పట్టి చూడడం, మళ్ళీ ఆనించడం. తొందరపడితే అంచు పెచ్చు లేచిపోతుందట. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒక కప్పు టీ అరగంట తాగుతుంటే, ఈ పిల్ల సంసారం ఎలా ఈదుతుందా అని జాలిపడ్డాను. ఈదింది. నాకంటే బాగా ఈదింది, అదే నా బాధ. పెళ్ళికి ఎవరో ఇచ్చిన ఆరు గాజు గ్లాసులు ఆమె ఇంట్లో ఇప్పటికీ ఆరే. నా ఇంట్లో ఏ రెండు గ్లాసులూ ఒక జతవి కావు.

నాది ఆసుపత్రి లాండ్రీ. ఎనిమిదింటికల్లా ఇస్త్రీ మిషన్ ముందు నిలబడాలి. రోలర్లలోంచి దుప్పట్లు పొగలు కక్కుతూ వస్తుంటే ఇద్దరం చెరో కొస పట్టుకుని మడవాలి. ఒక్క క్షణం ఏమరితే వెనకది వచ్చి మీద పడుతుంది. పంతొమ్మిదేళ్ళు అలా పరుగు నేర్చిన చేతులు ఇంటికొచ్చాక బుద్ధిగా ఒళ్ళో కూర్చుంటాయా?

అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టుకుని రెండు వాటాలు చేసుకున్నారు. మా వంటిల్లూ వాళ్ళ వంటిల్లూ వీపులు ఆనించుకుని ఉంటాయి. గోడ పేరుకే గోడ. వాళ్ళింట్లో చెంచా కింద పడితే మా ఇంట్లో నేను వంగుతాను. కుక్కర్లు కూడా ఒకే దుకాణంలో, ఒకే రోజు, ఒకే సైజువి కొన్నాం. మా ఆయన ఎలక్ట్రీషియన్. ఆ దుకాణంలో వైరింగ్ చేశాడని తెలిసిన ధరకు ఇచ్చారు.

ఇక అసలు సంగతి. మా అమ్మాయికి పద్నాలుగో ఏడు. ఆ ఏడాది చలికాలంలో జ్వరం తగులుకుని మూడు వారాలు మంచం దిగలేదు. లేచి నిలబడేసరికి ముఖంలో కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. "పొద్దున్నే కడుపు నిండా తినాలి. ఖాళీ కడుపుతో బడికి పంపకండి," అంది డాక్టరమ్మ. బ్రెడ్డు పెట్టాను, గుడ్డు పెట్టాను, పళ్ళు కోసి పెట్టాను. అన్నిటికీ పెదవి విరిచి, రెండు ముక్కలు కొరికి లేచిపోయేది. నేను బతిమాలి, కేకలేసి, నా బస్సు టైమై పరుగెత్తేదాన్ని. పిల్ల అరచెయ్యి పట్టుకుంటే ఎముకలు చేతికి తగిలేవి.

ఒకరోజు సాయంత్రం అమ్మాయే చెప్పింది. "అమ్మా, పొద్దున పిన్నివాళ్ళింట్లో ఓట్స్ తిన్నా. రెండు గిన్నెలు తిన్నా."

ఏ తల్లయినా సంతోషించాలి. నాకు మాత్రం కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. నేను బతిమాలితే దిగని గొంతులోంచి అక్కడ రెండు గిన్నెలు దిగాయా?

అప్పటినుంచి అదే వరస. ఏడింటికి పది నిమిషాల ముందు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని, "పిన్ని దగ్గరకెళ్తున్నా," అని తుర్రుమనేది. నేను డబ్బాలు సర్దుకుంటుంటే గోడ అవతల కుక్కర్ విజిల్ వేసేది. తర్వాత రెండోది. ఆ తర్వాత నవ్వులు. ఆ విజిల్ నన్నే చూసి ఈల వేసినట్టుండేది. ఒకసారి మా ఆయన కూడా అక్కడ రుచి చూసొచ్చాడు.

"అబ్బ, వెన్నలా ఉందే! గొంతులో జారిపోయింది. ఎలా చేస్తోందో కనుక్కోరాదూ?"

"నేను వెళ్ళి కనుక్కోవాలా?"

"పోనీ, పిల్ల తింటోందిగా. ఎక్కడ తింటే ఏంటి?"

ఎక్కడ తింటే ఏంటట! రేపు పెద్దదయ్యాక తన చిన్నప్పటి పొద్దులు తల్చుకుంటే దీనికి ఎవరి వంటిల్లు గుర్తొస్తుంది? ఆ మాట ఆయనతో అనలేదు. అంటే నవ్వుతాడు. కానీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోజూ అదే అనుకునేదాన్ని.

నా పిల్లను నేనే వెనక్కి తెచ్చుకోవాలనుకున్నాను. ఒక పూట అమ్మాయిని ఇంట్లోనే కూర్చోబెట్టి, ఓట్స్, పాలు కుక్కర్లో గుమ్మరించి మూత బిగించాను. పాలు పొంగి, విజిల్ గొట్టంలోంచి జావ ఎగజిమ్మి గోడంతా చింది, సగం మూసుకుపోయిన గొట్టం బుసలు కొట్టింది. స్టవ్ కట్టేసి ఇద్దరం అవతల గదిలోకి పరుగెత్తాం. ఆ మరక తుడవడానికి నాకు వారం పట్టింది.

చివరికి సిగ్గు చంపుకుని ఒక సాయంత్రం నింపాదినే అడిగాను. దాచుకుంటుందేమో, అప్పుడైనా ఒక తప్పు దొరుకుతుందని ఆశపడ్డాను. దాచుకోలేదు.

"కుక్కర్లో నేరుగా పొయ్యకూడదక్కా. అడుగున రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, లోపల గిన్నె పెట్టు. గిన్నెలో గ్లాసుడు ఓట్స్, రెండు గ్లాసుల నీళ్ళు, ఒక గ్లాసు పాలు, చిటికెడు ఉప్పు. ఒక చెంచా వెన్న వేస్తే పొంగదు. గిన్నె సగానికి మించి నిండకుండా చూసుకో. రెండు విజిల్స్ రాగానే కట్టెయ్. ఆవిరి దానంతటదే దిగాలి."

"ఎంతసేపు దిగుతుంది?"

"దిగేదాకా."

"అదే, ఎన్ని నిమిషాలు?"

"దిగేదాకా చూడటమే అక్కా."

ఇదీ ఒక జవాబేనా? పళ్ళు నూరుకుంటూ వచ్చాను.

మర్నాడు అంతా ఆమె చెప్పినట్టే పెట్టాను. డబ్బాలు సర్దుతూ, జడ వేసుకుంటూ, చెవి కుక్కర్ మీదే వేసి ఉంచాను. ఒక విజిల్. ఇంకో విజిల్. కట్టేశాను. ఆవిరి కోసం ఎవరు కూర్చుంటారు? చెంచాతో విజిల్ పైకెత్తి బుస్సుమనిపించి మూత తీశాను. నీళ్ళు నీళ్ళే, గింజలు గింజలే. ఏం తప్పు చేశానా అని తల పట్టుకుంటే, బల్ల దగ్గర కూర్చున్న మా అమ్మాయి మెల్లగా అంది.

"అమ్మా, మొదటిది మనది కాదు. పిన్నివాళ్ళది. బాబాయికి చేస్తున్నట్టుంది."

గోడ అవతలి విజిల్‌ను నా లెక్కలో వేసుకున్నాను. పిల్ల ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "బాగుందమ్మా," అని లేచింది. మెప్పు కోసం అడిగినప్పుడు ఇచ్చే ఆ "బాగుంది"ని నేను ఎరగనా?

ఆ తర్వాత ఒక సోమవారం ఇంకోసారి చేసిపెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చి చూస్తే గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. పిల్ల లేదు. గోడ అవతల మొదటి విజిల్ వేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. తడి జుట్టుతోనే పెరటి దారిన బయల్దేరాను. "నీకు పనీపాటా లేకపోతే నా పిల్లే దొరికిందా?" అందామని దారిలో మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమెకు పని ఉందని నాకు తెలుసు. కోపానికి అవన్నీ కావాలా?

వాళ్ళ పెరటి తలుపు తెరిచే ఉంది. లోపల స్టవ్ దగ్గర నింపాది లేదు. బల్ల దగ్గర, స్టవ్‌కు వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుకుంటోంది. స్టవ్ ముందు మా అమ్మాయి ఉంది. చొక్కా చేతులు పైకి మడిచి, జడ ముడి వేసుకుని, ఒక వేలు లేపి పట్టుకుని నిలబడింది. రెండో విజిల్ వచ్చింది. రెండో వేలు లేపి, స్టవ్ కట్టేసి, చేతులు వెనక్కి కట్టుకుంది. కుక్కర్ వంకే చూస్తూ కదలకుండా నిలబడింది. జ్వరం తగ్గాక అది అంత నిటారుగా నిలబడడం నేను చూడలేదు.

సిద్ధం చేసుకున్న మాట వదిలేసి గడప దాటాను.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

అది ఉలిక్కిపడింది. నింపాది పేపరు దింపి, "రా అక్కా, కూర్చో," అంది.

"ఎన్నాళ్ళనుంచి ఇది?"

"మొదటి రోజు నేను చేశాను. రెండో రోజునుంచి తనే చేస్తోంది."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పొద్దని మాట తీసుకుంది అక్కా."

అంటే నేను రెండు నెలలపాటు కుళ్ళి చచ్చింది నా కూతురి చేతివంట చూసి! మా ఆయన వెన్నలా ఉందని లొట్టలేసింది కూడా దానికే. నవ్వు రావాలి గానీ నాకు ఏడుపొచ్చింది.

"ఇదేదో మనింట్లో చెయ్యొచ్చుగా?" అన్నాను.

పిల్ల కుక్కర్ మీదనుంచి చూపు తిప్పకుండానే అంది. "నువ్వు చెయ్యనివ్వవుగా. చెంచా పట్టుకోగానే, జరుగు నేను చేస్తానంటావు. ఉల్లిపాయ కోస్తుంటే చాకు లాగేసుకుంటావు. మొన్న చెప్పు బకిల్ కూడా నువ్వే పెట్టేశావు."

నింపాది వైపు చూశాను. పెద్దవాళ్ళతో అలా మాట్లాడొచ్చా అని దాన్ని ఒక మాట అంటుందేమోనని చూశాను. లేదా లోలోపల మురిసిపోతోందేమోనని చూశాను. రెండూ లేవు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. తన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమె నాకు వీలివ్వదు.

ఆ రోజు సాయంత్రం దాకా అదే ఆలోచించాను. లాండ్రీలో రెండుసార్లు దుప్పటి కొస జారవిడిచాను. రాత్రి అన్నాల దగ్గర అమ్మాయితో అన్నాను. "పొద్దున మనింట్లో చెయ్యి. నేను స్టవ్ దగ్గరకు రాను."

పొద్దున్నే లేచి బల్ల దగ్గర కూర్చున్నాను. పిల్ల ఓట్స్ కొలిచింది, కొన్ని గట్టు మీద పడ్డాయి. లేవబోయాను. "అమ్మా," అంది. "కూర్చున్నాలేవే," అన్నాను. గిన్నె కుక్కర్లో వంకరగా దించింది. సరిచేయాలని చేతులు పీకాయి. మా ఆయన గుమ్మంలోంచి తొంగి చూసి, ఇల్లు మారి వచ్చానా అన్నట్టు ముఖం పెట్టి వెళ్ళిపోయాడు. విజిల్స్ అయ్యాయి. స్టవ్ కట్టేశాక ఏమీ చప్పుడు లేదు. ఆవిరి దిగడం ఇంత పొడుగని నాకు తెలియదు. వీధి మలుపులో నా బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి బస్సు తప్పింది.

మూత తీసి, కలిపి, నా ముందు గిన్నె పెట్టింది. తెల్లగా, మెత్తగా, చెంచాకు పట్టుకుని మెల్లగా జారుతోంది. నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు. చిటికెడు కూడా లేదు. చెప్పబోయి నోరు మూసుకున్నాను. నింపాది అయితే ఈపాటికి ఏమనేదా అని ఆలోచించి, ఆమెలాగే చిరునవ్వు నవ్వి, ఆమెలాగే మెల్లగా అన్నాను. "చాలా బాగుందమ్మా."

పిల్ల తన గిన్నెలోంచి ఒక చెంచా తిని ఆగింది. నా ముఖంలోకి చూసింది.

"ఉప్పు వెయ్యలేదు. నీకు తెలిసింది కదా?"

గిన్నెలో చెంచా తిప్పాను.

"పిన్నయితే చెప్పేది."

ఇక నావల్ల కాలేదు. "చప్పగా ఉంది," అన్నాను. "ఉప్పు అస్సలు లేదు. అడుగున గడ్డలు కూడా ఉన్నాయి, సరిగ్గా కలపలేదు."

ముఖం ముడుచుకుంటుందనుకున్నాను. లేదు. తల ఊపి, గిన్నె దగ్గరకు లాక్కుని తినసాగింది. చివరిదాకా తింది. "సరే, రేపు వేస్తా," అంది.

"రేపు కూడా ఇక్కడే చెయ్యవే," అన్నాను. బతిమాలినట్టే అన్నాను, దాచుకోలేదు.

గిన్నెలు రెండూ తీసుకుని సింకు వైపు నడుస్తూ అది అంది. "నువ్వు కూర్చుంటే చేస్తా."