ఆరోగ్యవంతుడి సీసా

మా సారు పోయారని సోమవారం పొద్దున్న ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నా చేతిలో ఆయన శరీరంలోంచి వచ్చిన కణాల సీసా ఉంది. మనిషి లేరంటున్నారు, సీసాలో కణాలేమో బతికే ఉన్నాయి. నాకు ముందు భయం వేసింది, ఏడుపు తర్వాత వచ్చింది.

విజయనగరంలోని మా చిన్న ల్యాబ్‌లో నాకు పని నేర్పింది ఆయనే. ఇద్దరిదీ ఉద్దానమే. కారణం తేలని జబ్బుతో కిడ్నీలు పాడై మనుషులు రాలిపోయే నేల అది. రోగుల మూత్రంలో వచ్చే కిడ్నీ కణాలను సీసాల్లో పెంచి, వాటిలోకి లెంటివైరస్ రేణువులతో ఒక మానవ జన్యువును పంపేవాళ్లం. జబ్బుచేసే గుణం తీసేసిన వైరస్ అది, జన్యువును మోసుకెళ్లడానికి మాత్రమే పనికొస్తుంది. జన్యువుకు తగిలించిన తోక వల్ల, దాని ప్రోటీన్ మైక్రోస్కోపులో ఆకుపచ్చగా వెలుగుతుంది. మంచి కణంలో ఆ వెలుగు అంచున నిలుస్తుంది, జబ్బు కణంలో లోపల ముద్దకడుతుంది.

రేణువుల గొట్టాన్ని మంచులోంచి తీసేటప్పుడు ఆయన చేతులు చూడాలి, పసిపిల్లకు నీళ్లు పోస్తున్నంత నెమ్మది. నేను తొందరపడితే, "ఏటమ్మా ఆ కంగారు? బస్సెల్లిపోతన్నాదేటి?" అనేవారు.

పోల్చి చూడడానికి ఆరోగ్యవంతుల కణాలు కావాలంటే మాలో ఎవరో ఒకరం ఇచ్చేయడం మా అలవాటు. ఒక ఏడాది సారు తనవి ఇచ్చి, సీసా మీద 'ఆరోగ్యవంతుడు' అని తనే రాశారు. మూడో రోజు చూస్తే వెలుగు లోపల ముద్దగా ఉంది.

"వైరస్ పాడైపోనాది. కరెంటు పోయినప్పుడు కరిగిపోయుంటాది," అన్నారు.

కొత్త గొట్టం తీశాం. మళ్లీ ముద్దే. ఇంకోసారి చేశాం, ఇంకోసారీ వైరస్‌నే తిట్టాం. పాడైన వైరస్ అసలు వెలుగే ఇవ్వదు. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే, అయినా నేను బుద్ధిగా తలూపాను.

అప్పటినుంచి మధ్యాహ్నాలు క్యారియర్ విప్పి ఎండుచేపల కూర నాకు తోసేసేవారు. ఉప్పెక్కువైందనేవారు. నేను లొట్టలేసుకుంటూ తినేదాన్ని. కిడ్నీ జబ్బుకు ఉప్పు పడదని తెలిసీ నాకు తట్టలేదు.

మిషన్ చర్చి సమాధుల తోటలో సారును పూడ్చి అందరూ వెళ్లాక ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

"సీసా మొదటిసారి సూసినపుడే తన కిడ్నీలు పాడైపోనాయని తెలిసిపోనాదట అమ్మీ. నీకు సెప్పొద్దన్నారు. నువ్వూ అక్కడి పిల్లవే, బెంగెట్టుకుంటావని. నువ్వెప్పుడు సూపించుకుంటావు?"

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. నాకు పని నేర్పిన మనిషి మీద ఎంత ప్రేమ ఉందో, అంత కోపమూ ఉంది.

ఈ నెల ల్యాబ్‌లో మళ్లీ ఆరోగ్యవంతుల కణాలు కావాలన్నారు. నావి ఇచ్చాను. ఇంట్లో చెప్పలేదు. నిన్న నా చేతులతోనే వాటికి రేణువులు వేసి, నెమ్మదిగా మూత పెట్టాను. ఇంక్యుబేటర్ అద్దంలోంచి చూస్తే కణాలను పెంచే గులాబీరంగు నీళ్లు తప్ప ఏమీ కనపడవు. ఎల్లుండికి వెలుగు వస్తుంది, అంచునో, లోపలో.