చదవకుండా వదిలేసిన పేరు

యాభై ఏళ్లుగా ఒక కాగితం నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లో చెప్పలేదు. దేవుడికైనా చెప్పుకుందామని ఒకసారి నెమలి అనే ఊళ్లో గుడికి వెళ్లాను. స్వామి ఎదుట నిలబడి, వ్యాపారం బాగుండాలని మొక్కుకుని వచ్చేశాను. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు.

డెబ్బైల్లో తిరువూరులో నాది చిన్న టైలరు షాపు. పక్కనే మస్తాన్‌బీ గుడిసె. భర్త పోయాక పరుపులకు దూది ఏకి బతికేది. ఆ నూగు ఎగిరొచ్చి నా షాపులో నల్ల ప్యాంట్ల మీద వాలేది. దులిపినా పోదు. గిరాకీలు విసుక్కునేవాళ్లు. ఆమెను కదిలించమని ఎవరిని అడగను? పేటంతా ఆమె వైపే.

ఆ ఎండాకాలం మా పేటకు కుళాయి వేయమని పంచాయతీకి అర్జీ పెట్టాలనుకున్నాం. చదువొచ్చినవాణ్ణి నేనే. దస్తావేజులు రాసే ఆయన్ని బతిమాలి ఇంకు ప్యాడు ఒక్క పూటకు తెచ్చాను. రాత తరువాత చూసుకోవచ్చని ముందు తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించి, పక్కన పేర్లు రాశాను. మాలో అది మామూలే. పంచాయతీకి ఒకటి, సమితి ఆఫీసుకు ఒకటి. ఆడవాళ్లు జంకుతుంటే మస్తాన్‌బీయే ముందుకొచ్చి రెండింటి మీదా తొలి ముద్ర వేసింది. నాతో ఇంటింటికీ తిరిగి మిగతావాళ్ల చేత వేయించింది.

మొదటి కాగితంతోనే కుళాయి వచ్చింది. రెండోది నా సొరుగులో ఉండిపోయింది. చించెయ్యొచ్చు కదా? ఎందుకు చించలేదు? ఆ వారం ఒక పెళ్లికొడుకు కోటు నూగు పట్టిందని తిరిగొచ్చింది, అందుకే ఒళ్లు మండి చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఒళ్లు మండినవాడు అంత గుండ్రంగా అక్షరాలు రాయడు. దారికి అడ్డంగా ఉన్న గుడిసెను తీయించమని ఆ ముద్రల పైనున్న ఖాళీలో రాసి, సమితి ఆఫీసులో ఇచ్చాను. గుడిసె ఇంకా ఆమె భర్త పేరునే ఉండేది. ఆ పేరే పెట్టాను. అందుకే తొలి ముద్ర ఆ గుడిసెలో ఉండే మనిషిదేనని ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు.

నోటీసు, దాంతో పాటు అర్జీ నకలు పట్టుకుని ఆమె తిన్నగా నా దగ్గరికే వచ్చింది. చదివి పెట్టేది నేనే కదా.

“ఎవరెవరు ఏశారు నాయనా? పేర్లు చదువు.”

మొదటి పేరు ఆమెదే. అది చదివితే చాలు, నా బండారం బయటపడేది. నేను రెండో పేరు నుంచి మొదలుపెట్టాను.

“కాశింబీ కూడానా? దాని పురుడు నేనే పోశాను గదా! సరిగ్గా చూడు.”

“కాశింబీయే, పిన్నమ్మా.”

మిగతా అందరి పేర్లూ చదివాను. నా గొంతు వణకనైనా లేదు. ఆమె ఏడవలేదు.

“ఇంతమందికి అడ్డమయ్యానా” అంది.

గుడిసె తనే విప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గంపలగూడెంలో చెల్లెలి దగ్గరికి పోయింది. పేటవాళ్లకు రోడ్డు పని కోసం తీయించారని చెప్పాను. వాళ్లు ఆమెను చూడటానికి వెళితే తలుపు తీయలేదట. రెండేళ్లకు అక్కడే పోయింది.

గుడిసెదేముంది, ఇంకోచోట వేసుకోవచ్చు. కానీ తను పురుళ్లు పోసిన పేట మొత్తం తనను వెళ్లగొట్టిందని నమ్ముతూ చచ్చిపోయిందే, దానికి నేనేం చేయగలను? మస్తాన్‌బీ, ఒక్క పేరు. నోరు తెరిచి చదవడానికి ఎంతసేపు పడుతుంది?

మొన్న కాశింబీ మంచం పట్టిందంటే వెళ్లాను. మేం ఏం తప్పు చేశామని ఆవిడ అలా పోయిందన్నా, అని అడిగింది. ముసలాళ్ల కోపాలు ఎవరికి తెలుసమ్మా అన్నాను. నోటికి అబద్ధం అలవాటైపోయింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్లు మీరు కారు. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. వాళ్లలో ఒక్కరు కూడా మస్తాన్‌బీని పొమ్మనలేదు. పొమ్మన్నది నేను.